కుర్చీలు వెయ్యని పండుగ: నల్లగొండ పల్లెలో కుటుంబాల ప్రకృతి ఉత్సవం, ఒక కేస్ స్టడీ

పిల్లల కోసం పెట్టే ప్రకృతి కార్యక్రమాల్లో పెద్దవాళ్లు ఏం చేస్తారో ఇలాంటివి నడిపే అందరికీ తెలిసిందే. పిల్లలను దింపుతారు, టెంటు కింద నీడ పట్టున ఒక కుర్చీ చూసుకుంటారు, ఫోన్ తీస్తారు. పిల్లలు నాలుగు ఆకులు ఏరి, రెండు బొమ్మలకు రంగులేసి, సర్టిఫికెట్ పట్టుకుని వస్తారు. ఇంటికి పోయాక ఆ ఆకు గురించి మాట్లాడే తోడు ఉండదు. దాన్ని ఏరినప్పుడు ఇంట్లోవాళ్లు ఎవరూ పక్కన లేరు మరి.

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో, ఒక కుంట పక్కన మా పర్యావరణ కేంద్రం ఉంది. పాత పశువుల కొట్టం బాగుచేసుకుని, చుట్టూ ఉన్న చెల్కలో చిన్న నర్సరీ, విత్తనాల అర పెట్టుకున్నాం. కొందరు రైతులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, అడవి శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఊరి మహిళా సంఘం కలిసి నడుపుతున్నారు. నేను కోఆర్డినేటర్‌ని. దసరా సెలవుల్లో మేం పెట్టిన కుటుంబాల ప్రకృతి పండుగ ఎలా కట్టాం, ఎక్కడ నిలబడింది, ఎక్కడ చతికిలబడింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. మొత్తం పండుగకు పెట్టుకున్న గురి ఒక్కటే: పెద్దవాళ్లు కుర్చీల్లోంచి లేవాలి. ప్రతి పని ఇంట్లో రెండు తరాల వాళ్లు కలిస్తే గాని జరగనిదై ఉండాలి. ఆ లెక్కకు రానిది ఎంత బాగున్నా పక్కన పెట్టేశాం.

ఎప్పుడు పెట్టాలి

తేదీ మీదే కమిటీలో ఎక్కువ వాదన జరిగింది. జూన్ 5 పర్యావరణ దినోత్సవం అందరికీ మొదట గుర్తొచ్చే రోజు. కానీ మృగశిర కార్తె వస్తోందంటే మా దగ్గర పత్తి గింజ పెట్టే హడావుడి. ఆ రోజు వచ్చేది ఫొటోకు మొక్క పట్టుకునేవాళ్లే. సంక్రాంతికి కుంటలో పక్షులు బాగా ఉంటాయి, అయితే పత్తి ఏరడం ఇంకా తెమలదు. ఫిబ్రవరిలో దేశమంతా పక్షుల లెక్క జరుగుతుంది గాని, పట్నం పిల్లలకు పరీక్షల టెన్షన్ మొదలవుతుంది.

దసరా సెలవులకు అన్నీ కలిసొచ్చాయి. ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు స్థిరపడ్డ మా ఊళ్ల వాళ్లు పిల్లాజెల్లాతో దిగేది అప్పుడే. తంగేడు, గునుగు విరగబూసి ఉంటాయి. సీతాఫలాలు దొరుకుతాయి. కుంటలో నీళ్లుంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. బతుకమ్మ మొదలయ్యేదే అమావాస్య నాడు. మొదటి నాలుగైదు రోజులు నెలవంక తొందరగా కుంగిపోతుంది, రాత్రి చీకటి చిక్కగా ఉంటుంది. రాత్రి పురుగులను చూడటానికి అంతకంటే మంచి రోజులు లేవు. పెత్రమాస, అంటే ఆ అమావాస్య నాడు ఇళ్లల్లో పెద్దలకు బియ్యం ఇచ్చుకునే పని ఉంటుంది కాబట్టి ఆ రోజు వదిలేసి, తర్వాత వచ్చిన ఆదివారం పెట్టుకున్నాం. నైరుతి రుతుపవనాలు మన దగ్గర నుంచి వెళ్లేది అక్టోబర్ మధ్యలో. వాన పడే అవకాశం ఉంది గనక బల్లలన్నీ కొట్టం కిందికి జరపగలిగేలా పెట్టాం.

వేళ విషయంలో మాత్రం ఎవరూ పేచీ పెట్టలేదు. పొద్దున ఎండ ముదరక ముందు ఒక పూట, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఇంకో పూట. మధ్యాహ్నం ఖాళీ. ఊరివాళ్లు ఇళ్లకు పోయి పశువులను చూసుకుని వచ్చారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు జొన్నరొట్టె, అలసంద గుడాలు, సీతాఫలాలు తిని చెట్ల కింద నడుం వాల్చారు. పదార్థాలన్నీ మోదుగాకు విస్తర్లలోనే.

ప్రవేశ రుసుం

డబ్బు తీసుకోలేదు. దానికి బదులు ప్రతి కుటుంబం మూడు తేవాలని ముందే చెప్పాం: తమ చేను మట్టి ఒక గుప్పెడు, ఇంట్లో తాగే నీళ్లు ఒక సీసా, ఇంట్లో అందరికంటే పెద్ద మనిషి. మూడోదానికి అందరూ నవ్వారు. కానీ పండుగ నడిచింది దాని మీదే. అమ్మమ్మనో తాతనో బండి మీద ఎక్కించుకుని రావాలంటే కొడుకో కోడలో కూడా రాక తప్పదు. వచ్చాక ఆ పెద్దమనిషి చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒకరు ఉండాల్సిందే. అలా ఫోన్ తీసే చెయ్యి ఒకటి తగ్గింది.

స్టేజీ కట్టలేదు, మైకు పెట్టలేదు. ఫ్లెక్సీలు వద్దనుకున్నాం. వాటి బదులు మహిళా సంఘం వాళ్లు దారి పొడవునా ముగ్గుతో బాణం గుర్తులు, బల్లల పేర్లు వేశారు. స్టేజీ లేకపోతే నాయకులు రారని కొందరు భయపెట్టారు. ఒకాయన వచ్చారు. ఎక్కడ కూర్చోవాలో తోచక కాసేపు నిలబడి, తర్వాత తన మనవరాలితో పాటు మట్టి బల్ల దగ్గర సీసా ఊపుతూ అరగంట ఉన్నారు. ప్రసంగం లేని నాయకుడు పిల్లలకు బాగానే నచ్చుతాడని అప్పుడే చూశాం.

కుర్చీలు అసలే లేవని కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం కొన్ని తెచ్చాం. కానీ వాటిని టెంటు కింద వరసగా వెయ్యకుండా, ఒక్కో బల్ల దగ్గర ఒకటి రెండు చొప్పున వేశాం. కూర్చున్నవాళ్లు పని మధ్యలోనే కూర్చోవాలి. ఇలాంటిది చేసేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. కుర్చీ ఎక్కడ వేస్తామో మనుషులు అక్కడే ఉంటారు.

తంగేడు పొద దగ్గర

పొద్దున నడక కుంట కట్ట మీదుగా తూము దాకా వెళ్లి, చెల్కల మీదుగా తిరిగి రావడం. ఎవరినీ గైడు అనలేదు. దారిలో కనిపించిన చెట్టు పేరు ఇంట్లో పెద్దమనిషి చెప్పాలి, చిన్నవాళ్లు రాసుకోవాలి. బలుసు, ఊడుగ, పరికి, కలే, రేగు... పేర్లు ఒకదాని వెనక ఒకటి దొర్లాయి. ఒకే మొక్కకు రెండు ఊళ్ల వాళ్లు రెండు పేర్లు చెప్పి వాదించుకున్న చోట రెండూ రాయించాం. పక్క తండా నుంచి వచ్చిన ఇద్దరు ముసలమ్మలు తమ మాటలో పేర్లు చెప్పారు, వాటినీ రాశాం.

ఎక్కువ సేపు ఆగింది తంగేడు దగ్గర. రాష్ట్ర పుష్పమని బడిలో చెప్తారు. బతుకమ్మలో అది లేకపోతే ఒప్పదని ఇంట్లో చెప్తారు. పువ్వు లోపలికి తొంగి చూసినవాళ్లు మాత్రం తక్కువే. తంగేడు పువ్వులో తేనె ఉండదు. అది తుమ్మెదకు ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అదీ ఊరికే ఇవ్వదు. పుప్పొడి తిత్తులకు కొన మీద సన్నటి రంధ్రం ఉంటుంది. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును గట్టిగా కరుచుకుని, రెక్కలు ఆడించకుండా ఛాతీ కండరాలను మాత్రం అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముకొస్తుంది. ఎగిరేటప్పుడు వచ్చే చప్పుడు వేరు, పువ్వు మీద వాలాక వచ్చే చప్పుడు వేరు. రెండోది సన్నగా, కోపంగా ఉంటుంది. పిల్లలు కళ్లు మూసుకుని ఆ తేడా పట్టాలన్నది అక్కడి పని. చెవులు సరిగా వినబడని ఒక తాత పువ్వు కాడ మీద వేలు పెట్టి, "గిజగిజ అంటున్నది బిడ్డా" అని మనవడికి చెప్పాడు. ఆ మాట మా పనుల పట్టీలో లేదు, వచ్చే ఏడు నుంచి ఉంటుంది.

ఆకుల మీద పచ్చటి గొంగళ్లు కూడా దొరికాయి. తెల్లగా, లేత పసుపుగా గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకల పిల్లలవి. తంగేడు ఆకు వాటి తిండి. గొంగళి పట్టిన ఆకు కనబడగానే మందు కొట్టాలని చెయ్యి దురద పెట్టే రైతులు మాలో చాలామంది. ఆ రోజు వాళ్ల పిల్లలే వాళ్లను ఆపారు.

పాలపిట్ట కరెంటు తీగ మీద కనిపించింది. దసరా నాడు పాలపిట్టను చూడాలన్న ఆచారాన్ని ఆసరా చేసుకుని కొందరు వాటిని పట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బులు అడుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఈ సంగతి చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు. తీగ మీద నుంచి ఎగిరినప్పుడు రెక్కల్లో మెరిసే నీలం ఒక్కసారి చూసిన పిల్లలు పంజరంలో ముడుచుకున్న పిట్టకు పది రూపాయలు ఇవ్వరు.

మట్టి సీసాలు

దీని గురించి క్లుప్తంగా చెప్తాను, చాలా చోట్ల చేసే పనే. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల పౌడరు వేసి బాగా ఊపి కదలకుండా పెట్టాలి. ఇసుక నిమిషంలోపే అడుక్కు చేరుతుంది. ఒండ్రు నెమ్మదిగా, గంటల మీద దిగుతుంది. బంకమట్టి మర్నాటికి కూడా నీళ్లను మసకగానే ఉంచుతుంది. ఎర్ర చెల్క, నల్లరేగడి, చెరువు మట్టి పక్కపక్కన పెడితే పొరల తేడా చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలయ్యాక చెరువు మట్టి తోలుకున్న రైతులు, తోలక ముందు, తోలిన తర్వాత అని రెండు చేన్ల మట్టి తెచ్చి పందెం కట్టారు. పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం బాల్కనీ కుండీలోది తెచ్చింది. అందులో ఏ పొరా సరిగా ఏర్పడలేదు, కొబ్బరి పీచు పైకి తేలింది. దాని మీద నవ్వులు సాయంత్రం దాకా నడిచాయి.

నీళ్ల బల్ల

మిగతా పండుగ అంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నల్లగొండలో నీళ్లు, ఫ్లోరైడ్ అనే మాటలు విడిగా వినబడవు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగి నడుములు వంగి, కాళ్లు దొడ్డికాళ్లైన పెద్దవాళ్లు మా పండుగకు కూడా వచ్చారు. అలాంటి చోట నీళ్ల పరీక్షను పిల్లల మ్యాజిక్ షోలా పెట్టకూడదని ముందే తీర్మానించుకున్నాం.

పరీక్ష తేలికే. సీసా నీళ్లు కొద్దిగా గొట్టంలో పోసి, కిట్‌లోని ద్రావణం చుక్కలు వెయ్యాలి. ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ రంగు నిలుస్తుంది, ఎక్కువయ్యే కొద్దీ పసుపు వైపు జారుతుంది. కార్డు మీది రంగులతో పోల్చి ఉజ్జాయింపు అంకె చెప్పొచ్చు. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చు. ద్రావణం చుక్కలు పిల్లలు వెయ్యాలి, కార్డు పెద్దవాళ్లు పట్టుకోవాలి. ఫలితం ఆ కుటుంబానికి మాత్రమే చెప్పి, వాళ్ల చీటీ మీద రాసిచ్చాం. బోర్డు మీద పేర్లు, అంకెలు పెడితే ఊళ్లో ఏ బోరు ఎవరిదో అందరికీ తెలుసు, పెళ్లి సంబంధాల దాకా పోతుంది.

మొదటి గంట దాదాపు అన్ని గొట్టాలూ గులాబీ రంగులోనే ఉన్నాయి. తాగే నీళ్లు తెమ్మంటే అందరూ నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్ల డబ్బాలోవో తెచ్చారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి కాబట్టి అలా రావడం మంచి సంగతే. ఎవరి ముఖం చూసినా గండం గడిచినట్టు ఉంది. అప్పుడు మహిళా సంఘం అధ్యక్షురాలు ఒక ముసలమ్మను అడిగింది, "వంటకు ఏ నీళ్లు పెద్దమ్మా?" అని. "వంటకేంది, బోరు నీళ్లే. డబ్బా నీళ్లు కొని పప్పు ఉడకేస్తమా?" అంది ఆమె.

అక్కడితో బల్ల తీరే మారింది. ఆడవాళ్లు ఇళ్లకు పోయి వంట నీళ్లు, చాయ్ పెట్టే నీళ్లు చెంబుల్లో, పాల క్యాన్లలో తెచ్చారు. గొట్టాలు పసుపుపచ్చ అయ్యాయి. అన్నం, పప్పు, చాయ్ ఆ నీళ్లతోనే చేసుకుంటే, తాగే నీళ్లు మార్చినా ఫ్లోరైడ్ కొంత ఒంట్లోకి పోతూనే ఉంటుంది. కాచితే పోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. కాచితే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుందే గాని తగ్గదు. ఆ మాట టీచర్ చెప్తే ఎవరూ నమ్మలేదు. ఉప్పు నీళ్లు కాచితే ఉప్పగా అవుతాయా, చప్పబడతాయా అని టీచరే తిరిగి అడిగాక ఒప్పుకున్నారు.

లోతు బోర్లలో ఎందుకు ఎక్కువ అన్న ప్రశ్న ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి నుంచి వచ్చింది. మన కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతి ఖనిజాల్లోనే ఫ్లోరైడ్ ఉంది. నీళ్లు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత కరిగించుకుంటాయి. కాల్షియం తక్కువగా ఉన్న నీళ్లలో అది మరింత సులువుగా నిలబడుతుంది. పాత దిగుడు బావిలో ఏటేటా వాన నీళ్లు దిగి కలిసేవి. వందల అడుగుల లోతు నుంచి తోడేది ఎప్పటి నీళ్లో. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసిన ఆ పద్ధతి మన జిల్లా పేరు మీద ఉందని వచ్చినవాళ్లలో చాలామందికి తెలియదు. అది విని ఒక నాయనమ్మ, "మంచిదానికి మన పేరు పెట్టరా?" అంది.

పిల్లల పళ్ల మీది మచ్చల గురించి తల్లులు పక్కకు పిలిచి అడిగారు. చిగురు లోపల పళ్లు తయారయ్యే చిన్న వయసులోనే ఆ మచ్చ పడుతుంది, తర్వాత నీళ్లు మార్చినా వచ్చిన పంటి మచ్చ పోదు. అందుకే ఇంకా పాలపళ్లున్న చిన్నపిల్లలు ఇంట్లో ఉంటే వంట నీళ్లు మార్చుకోవడం ముందు చెయ్యాల్సిన పని. మేం చెప్పగలిగింది అంతవరకే. కిట్ ఉజ్జాయింపుగానే చూపుతుంది కాబట్టి పసుపు వచ్చిన ప్రతి సీసా నమూనాను ప్రభుత్వ నీటి పరీక్ష ల్యాబుకు పంపాలని చీటీలోనే రాశాం.

గునుగు రంగుల పంచాయితీ

సాయంత్రం అందరూ కలిసి ఒక బతుకమ్మ పేర్చారు. పొద్దున నడకలో ఏరినవే పూలు. గునుగుకు గులాబీ, నీలం రంగులు అద్దాలా వద్దా అని అత్తాకోడళ్ల మధ్య వాదన వచ్చింది. బజారు రంగులు కుంటలో కలుస్తాయి కాబట్టి వద్దని మా ఉద్దేశం. కానీ మేం నోరు విప్పక ముందే ముసలివాళ్లు తేల్చేశారు, గునుగు తెల్లగా ఉంటేనే తంగేడు పసుపు కొట్టొచ్చినట్టు కనబడుతుందని. గునుగు దొరకడం కష్టమైందని మాత్రం అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. జొన్న, కంది చేన్లలో కలుపుగా లేచేది. ఇప్పుడు కలుపు మందు కొట్టిన చేలో, ప్లాట్లు పోసిన చెల్కలో అది లేవడం లేదు. పేర్చగా మిగిలిన ముదురు గునుగు కంకులు దులిపితే నల్లటి మెరిసే గింజలు గుప్పెడు రాలాయి. వాటిని విత్తనాల అరలో పెట్టాం.

తెల్ల గుడ్డ

చీకటి పడ్డాక రెండు వేపచెట్ల మధ్య పాత తెల్ల పంచె బిగించి కట్టి, ముందు అల్ట్రావయొలెట్ లైటు వేలాడదీశాం. మిగతా లైట్లన్నీ ఆర్పేశాం. పురుగులను చూడటానికి రాత్రి దాకా ఎవరుంటారని కమిటీలో సగం మందికి అనుమానం. పగలంతా కనబడని తండ్రులు ఆ వేళకే వచ్చారు. నిజం చెప్పాలంటే వాళ్లు పిల్లలను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చారు.

మాత్ అంటే పుస్తకాల్లో చిమ్మట అంటారు, మా రైతులకు మాత్రం అది రెక్కల పురుగు. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 పైచిలుకు జాతులైతే, ఇవి 10,000 పైనే. బడి పుస్తకంలో సీతాకోకచిలుకకే చోటు. కానీ రైతుకు పరిచయమైనవన్నీ రెండో గుంపులోవే. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, ఆముదం నామాల పురుగు, 2018లో మన దేశంలోకి వచ్చి మక్కజొన్నను పట్టిన కత్తెర పురుగు. వీటి పిల్లల మీదే రైతు యుద్ధం. తల్లి పురుగును తీరిగ్గా చూసే అవకాశం అతనికీ తక్కువే.

లుంగీ మీద వచ్చిన ఒక రైతు కొడుకును పిలవబోయి గుడ్డ దగ్గర ఆగిపోయాడు. గోరంత బూడిద రంగు పురుగును చూపించి, "ఇది మా బుట్టల పడేదే" అన్నాడు. పత్తి చేలో పెట్టే లింగాకర్షక బుట్ట సంగతి. గులాబీ రంగు పురుగు తల్లి అది. పురుగును చంపే గుణం జన్యువుతో ఎక్కించిన బీటీ పత్తిని తట్టుకోవడం నేర్చి, కాయ లోపల కూర్చుని దూదిని పాడుచేసే పురుగు. బుట్టలో ఆడ పురుగు వాసన పెడతారు, దానికి మగవి వచ్చి పడతాయి. "మరి ఆడవి ఎక్కడ ఉంటయి?" అని కొడుకు అడిగాడు. తండ్రి దగ్గర దానికి వెంటనే జవాబు లేదు. బుట్టలో మగవి ఎన్ని పడినా, ఆడవి చేలో కాయల మీద గుడ్లు పెడుతూనే ఉంటాయి. అందుకే బుట్ట ముఖ్యంగా లెక్క చూసుకోవడానికి, పురుగు వచ్చిందో లేదో, ఎంత ఉందో తెలుసుకోవడానికి. ఈ సంగతి వ్యవసాయ శాఖ వాళ్లు ఎన్నోసార్లు చెప్పారట. కొడుకు ప్రశ్నతో గాని అది తన చేను సంగతిగా అనిపించలేదని ఆ రైతే తర్వాత అన్నాడు.

అప్పటిదాకా కుర్చీలో ఉన్న ఒక తాత లేచి వచ్చింది ఇక్కడే. ఈ లైటు కొత్త కాదన్నాడు. తొలకరి వానలకు ఎర్ర గొంగళి పురుగు తల్లులు నేలలోంచి లేచేవి. ఊరంతా కలిసి ఒకే రాత్రి చేల గట్ల మీద మంటలు పెట్టేవాళ్లు. ఒక్కడు పెడితే పక్క చేను పురుగు కూడా అతని చేలోకే వస్తుంది గనక అందరూ ఒకేసారి పెట్టాలి. ఏ గట్టు మీద ఎవరి వంతు కట్టెలో పేర్లతో సహా చెప్పాడు. ఆముదం, పల్లీ వేసే రోజుల ముచ్చట అది. పత్తి వచ్చాక ఆ మంటలు పోయాయి. చుట్టూ ముప్పై నలభై ఏళ్ల రైతులు చెవులు రిక్కించుకుని విన్నారు. మేం ఏ నిపుణుడిని పిలిచినా ఆ అరగంట దొరికేది కాదు.

పురుగు దీపానికి ఎందుకు వస్తుందని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. దీపం మీద మోజు అని పద్యాల్లో చెప్తారు. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో, వేగంగా తీసే కెమెరాలతో చూస్తే వేరే సంగతి తేలింది. ఎగిరే పురుగు తన వీపును వెలుతురు వైపు ఉంచుకుంటుంది. రాత్రి ఆకాశం నేలకంటే కాస్త వెలుగుగా ఉంటుంది కాబట్టి వీపు పైకే ఉంటుంది, ఎగరడం సాఫీగా సాగుతుంది. పక్కన దీపం పెడితే వీపు అటు తిప్పుతుంది, దారి వంకరై దాని చుట్టే తిరుగుతూ చిక్కుబడుతుంది. ఇది విన్నాక గంటన్నరకే లైటు ఆర్పేద్దామని పట్టుబట్టింది పిల్లలే. ఆర్పక ముందు గుడ్డను మెల్లగా దులిపాం. కింద కప్పలు అప్పటికే తమ భోజనం కానిచ్చాయి.

జాగ్రత్తలు, ఖర్చులు

రాత్రి పూట అందరికీ బూట్లు లేదా కప్పు చెప్పులు, చేతిలో టార్చి తప్పనిసరి. వానాకాలం చివర కట్లపాము, రక్తపింజర తిరిగే కాలం. పాము కాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని, ఒక బండి డ్రైవరుతో సహా గేటు దగ్గర నిలిపి ఉంచాం. కుంట ఒడ్డున తాడు కట్టి, ఈత వచ్చిన ఇద్దరు పిల్లగాళ్లను కాపలా పెట్టాం. లైటుకు వచ్చే వాటిలో నల్ల, నారింజ చారలున్న సన్నటి పురుగు ఒకటుంది. ఒంటి మీద వాలినప్పుడు చరిస్తే నలిగి, దాని రసానికి చర్మం కాలినట్టు బొబ్బలొస్తాయి. చరవద్దు, ఊదెయ్యండి అని ముందే చెప్పాం. లైటు వైపు నేరుగా చూడొద్దన్నది రెండో మాట. సీతాఫలం గింజలు పిల్లలు జేబుల్లో వేసుకుంటుంటే తల్లులకు ఒకటి చెప్పాల్సి వచ్చింది. పేలకని నూరి తలకు పట్టిస్తే, ఆ పొడి కంట్లో పడితే కంటికి పెద్ద దెబ్బ.

డబ్బులో పెద్ద భాగం భోజనానికి, తర్వాతది నీళ్ల కిట్లకు పోయింది. టెంటు, మైకు, ఫ్లెక్సీ, స్టేజీ, మెమెంటోలు లేకపోవడంతో మిగిలినదాంతో కిట్లు ఇంకా కొన్నాం. ఇలాంటి పండుగకు స్పాన్సర్ కావాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. మనం స్పాన్సర్‌ను వెతికేది చాలాసార్లు స్పాన్సర్ పేరు పెట్టే ఫ్లెక్సీ కోసమే.

నడవనిది కూడా ఉంది. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఎక్కడా అతకలేదు. తాత చెయ్యి పట్టుకుని నడిచే వయసు దాటింది, తాము చెప్పే వయసు రాలేదు. ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్‌తో వాళ్లకు పని ఇద్దామనుకుంటే కుంట కింద సిగ్నల్ లేదు. కాస్త ఉత్సాహంగా కనిపించింది నీళ్ల బల్ల దగ్గర చీటీలు రాసిన ముగ్గురు నలుగురు అమ్మాయిలే. నిజమైన పని, కాస్త గుట్టు ఉన్న పని ఇస్తే ఆ వయసువాళ్లు నిలబడతారని నాకు అనిపించింది. ఇంతకంటే గట్టిగా చెప్పే ఆధారం మా దగ్గర లేదు.

తర్వాత

నడకలో రాసిన పేర్లను ఒకచోట చేర్చి పంచాయతీకి ఇచ్చాం. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊళ్లోని మొక్కలు, జీవాలు, వాటి వాడకం రాసి స్థానిక సంస్థలు ఉంచాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో చేర్చడానికి. ఎవరు చెప్పిన పేరు, ఏ ఊరు, దేనికి వాడతారు అన్నవి వాళ్లను అడిగి, ఒప్పుకున్నవే రాశాం. ఒక నాటు వైద్యుడి కుటుంబం రెండు మొక్కల వాడకం రాయొద్దంది, రాయలేదు.

నీళ్ల పరీక్ష పండుగతో ఆగలేదు. మహిళా సంఘం నెలనెలా తమ మీటింగు రోజునే ఆ బల్ల పెట్టమంది. ఇప్పుడు అది కేంద్రంలో కాదు, సంఘం భవనంలోనే నడుస్తోంది. చీటీలు రాసేది ఆ అమ్మాయిలే. కొన్ని ఇళ్లల్లో నల్లా నీళ్లు వచ్చే వేళకు వంటకు కూడా పట్టిపెట్టుకోవడం మొదలైంది. నల్లా రాని రోజున మళ్లీ బోరే దిక్కు అవుతోంది. దీనికి పంచాయతీలో ఒక ట్యాంకు కావాలని సంఘం అర్జీ పెట్టింది.

వచ్చే దసరాకు తెల్ల గుడ్డ రెండు చోట్ల కడదామనుకుంటున్నాం. ఒకటి ఎప్పటిలా కుంట పక్కన, ఇంకొకటి పత్తి చేను గట్టున. లుంగీ మీద వచ్చిన రైతే చేను ఇస్తానన్నాడు, ఆ వారం మందు కూడా కొట్టనన్నాడు. షరతు ఒకటే పెట్టాడు: గుడ్డ మీద పడ్డ గులాబీ పురుగులను దులిపి వదిలిపెట్టకూడదు, ఆడవి దొరికితే అసలే వదలకూడదు. మిగతావన్నీ వదలొచ్చు. పిల్లలు ఒప్పుకోవడం లేదు. కమిటీలో వాదన ఇంకా తెగలేదు.